తారీఖు వెనక చంద్రుడు

2024 ఫిబ్రవరి 18

తారీఖు, తాకీదు, తహసీలు, తఫ్సీలు, తాలీము. కచేరీల్లో, దస్తావేజుల్లో, మన నోళ్ళలో నలిగి నలిగి తెలుగైపోయిన మాటలు. అయిదూ అరబ్బీవే. అయిదూ ఒకే మూసలో పోసినవి.

అరబ్బీ, హీబ్రూ, అరమాయిక్, ఇథియోపియాలోని కొన్ని భాషలు, మట్టిపలకల మీద మిగిలిన అక్కాదియన్: సేమిటిక్ కుటుంబమంతటా మాటల కట్టుబడి ఒకటే. అర్థం బరువంతా హల్లుల మీద ఉంటుంది, చాలాచోట్ల మూడు హల్లుల మీద. ఆ మూడే ధాతువు. అచ్చులూ చేర్పులూ మారేకొద్దీ అర్థం అటూ ఇటూ తిరుగుతుంది. ముందు 'త' చేర్చి, రెండో హల్లు మీద దీర్ఘమైన 'ఈ' పలికితే ఒక పని జరపడం అన్న అర్థం వస్తుంది. హ-స-ల నుంచి తహసీల్, అంటే రాబట్టడం. అ-ల-మ నుంచి తాలీమ్, అంటే నేర్పడం. పహిల్వాన్ల తాలింఖానా దీని తాలూకుదే.

ఫ-స-ల మీద ఎంతసేపైనా కూర్చోవచ్చు. విడదీయడం దాని అర్థం. ఏడాదిని విడదీస్తే ఫసల్, అంటే రుతువు, ఆ రుతువులో చేతికొచ్చే పంట. మన రెవెన్యూ లెక్కల్లోని ఫసలీ సంవత్సరం అక్కడిదే. విషయాన్ని విడదీసి చెబితే తఫ్సీలు. తగవును ఇటో అటో విడదీస్తే ఫైసలా. పాత పహాణీ పట్టుకున్న రైతు నోట ఈ మూడూ ఒకే పూటలో దొర్లుతాయి.

మరి తారీఖు? మూసను ఒలిచేస్తే అ-ర-ఖ మిగులుతుంది. తహసీలుకి తోడు హాసిల్, మహసూలు ఉన్నాయి. తాలీముకి ఇల్మ్, ఆలిం, మాలూం ఉన్నాయి. అ-ర-ఖ కింద మాత్రం తేదీ వేయడం, చరిత్ర రాయడం, అంతే. అడవి ఆవుదూడ పేరొకటి అదే ధాతువు కింద కనిపిస్తుంది గానీ అర్థానికి పొంతన లేదు. అంత పెద్ద భాషలో ఇంత వాడుకలో ఉన్న మాటకు చుట్టాలు లేకపోవడం ఊరికే జరగదు.

ఫిబ్రవరి 22

ఈ లోటు పూర్వపు అరబ్బీ పండితుల కంటా పడింది. 13వ శతాబ్దం చివర ఇబ్న్ మంజూర్ కూర్చిన మహా నిఘంటువు లిసాన్ అల్ అరబ్‌లో ఈ మాట అచ్చమైన అరబ్బీ కాదనీ, గ్రంథస్థులైన యూదుల, క్రైస్తవుల దగ్గర నుంచి ముస్లింలు తీసుకున్నారనీ ఒక అభిప్రాయం నమోదైంది.

అంతకు దాదాపు మూడు వందల ఏళ్ళ ముందే అల్ బీరూనీ వేరే కథ చెప్పాడు. ఖలీఫా ఉమర్ ముందుకు ఒక పత్రం వచ్చింది. షాబాన్ నెలలో చెల్లించాలని అందులో ఉంది. ఏ షాబాన్? ఇప్పటిదా, రాబోయేదా? సంవత్సరాలకు లెక్క లేకపోతే పాలన సాగదని తేలింది. అప్పుడు పారశీకుడైన హుర్ముజాన్ తమ దేశంలో దీనికి 'మాహ్-రోజ్' అనే పద్ధతి ఉందని, అంటే నెలా రోజూ లెక్కగట్టే పద్ధతి అని వివరించాడట. ఆ పారశీక మాటే అరబ్బీ నోళ్ళలో తారీఖ్ అయిందని కథ.

హిజ్రీ శకం ఎందుకు అవసరమైందో తెలుసుకోవడానికి ఈ కథ ఎంతో విలువైనది. మాట పుట్టుకకు మాత్రం పనికిరాదు. నెల, రోజు అన్న అర్థం చక్కగా అతికింది, హల్లులు అతకలేదు. 'మ' ఎటు పోయింది? 'జ' ఏమైంది? 'హ' ఎందుకు 'ఖ' అయింది? ఇదే మార్పు జరిగిన మరో పారశీక మాట చూపమంటే జవాబు లేదు. ఒక్క మాట కోసం తయారుచేసిన నియమం నియమం కాదు. బీరూనీ మీద నాకెంత గౌరవం ఉన్నా ఇక్కడ ఆయన వెంట వెళ్ళలేను.

ఫిబ్రవరి 26

ఆధారం లిసాన్ నిఘంటువులోనే ఉంది. తేదీ వేయడం అనే అర్థమున్న 'అర్రఖ' క్రియకు 'వర్రఖ' అనే ఇంకో ఉచ్చారణ కూడా ఉందని అక్కడే రాసి ఉంది. అంటే మొదటి హల్లు అసలు 'వ' కావచ్చు.

ఇలాంటి జంట ఇంకోటి మనకు బాగా తెలుసు. ఖాయపరచడం, నొక్కి చెప్పడం అనే అర్థంలో అరబ్బీలో 'వక్కద' ఉంది, 'అక్కద' కూడా ఉంది. 'తౌకీద్' అన్నా 'తఆకీద్' అన్నా ఒకటే. రెండోదే మన తాకీదు. తాకీదు ఎలా వచ్చిందో తారీఖూ అలాగే వచ్చింది. ఇప్పుడు ధాతువు వ-ర-ఖ.

వ-ర-ఖకు చుట్టాలు ఎక్కడ? దక్షిణాన, యెమెన్‌లో. ఇస్లాంకి ముందరి సబా, హిమ్యర్ రాజ్యాల శాసనాల్లో 'వ-ర-ఖ' అంటే నెల. అచ్చులు రాయని లిపి కాబట్టి హల్లులు మూడే కనిపిస్తాయి. మారిబ్ ఆనకట్ట తెగితే బాగు చేయించిన అబ్రహా వేయించిన శాసనం హిమ్యర్ శకం 658లోది, మన లెక్కలో 548. దాని చివర నెల పేరు ముందు నిలబడ్డ మాట ఇదే. అక్కడ రాజులూ భూస్వాములూ రాళ్ళ మీద తేదీలు చెక్కించడం వందల ఏళ్ళుగా మామూలు. తేదీ వేసే అలవాటుతో పాటు దాని పేరూ ఉత్తరాది అరబ్బులకు యెమెన్ నుంచి చేరిందని అనుకోవడమే నాకు అన్నివిధాలా సబబుగా తోస్తోంది.

ఎర్రసముద్రం దాటితే ఇథియోపియా. పాత గీజ్ భాషలో 'వర్ఖ్' అంటే చంద్రుడు, నెల కూడా. తిగ్రిన్యాలో ఇప్పటికీ 'వర్హి' అంటే రెండూ. అమ్హారిక్‌లో చివరి హల్లు పూర్తిగా అరిగి 'వర్' మిగిలింది, అది నెల ఒక్కటే. తెలుగువాడికి దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. వెన్నెలలో ఉన్న నెల చంద్రుడు, జీతమిచ్చే నెల కాలం. తమిళంలో నిలా అంటే చందమామే.

తారీఖు వెనక చంద్రుడున్నాడు.

మార్చి 3

ఇవాళ ఉత్తరానికి. హీబ్రూలో చంద్రుడు 'యారేఅహ్', నెల 'యెరహ్'. మూడు హల్లులు య-ర-హ. వ-ర-ఖకూ దీనికీ పొత్తు కుదరాలంటే మొదటి 'వ' 'య' కావాలి. అయింది, ఇక్కడొక్కచోటే కాదు. హీబ్రూ, అరమాయిక్, ఫినీషియన్, ఉగారిటిక్ భాషలున్న వాయవ్య శాఖలో మాట మొదటి 'వ' వరుసగా 'య' అయిపోయింది. అరబ్బీలో బిడ్డ 'వలద్', హీబ్రూలో 'యెలెద్'. ప్రవక్త పుట్టినరోజు మిలాద్-ఉన్-నబీ అంటామే, ఆ మిలాద్ ఈ వ-ల-ద నుంచే.

అసలు హల్లు 'వ' అని రుజువేమిటి? 'య' నుంచే 'వ' రాలేదని ఎలా చెప్పగలం? హీబ్రూయే సాక్ష్యం చెబుతుంది. పుట్టాడు అనడానికి 'నోలద్' అంటారు. ముందు 'న' చేరేసరికి ధాతువు మొదటి హల్లు మాట మధ్యకు వచ్చింది. మొదట్లో ఉంటేనే అది 'య' అవుతుంది, మధ్యలో కాదు. పాత 'నవ్‌లద్' లోని 'అవ్' కరిగి 'ఓ' అయింది. అసలు హల్లు 'య' అయి ఉంటే ఆ 'ఓ' వచ్చేది కాదు. నాకు ఈ విద్యలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టాలు ఇలాంటివే. పోయిందనుకున్న హల్లు అదే భాషలో మరో రూపంలో బతికి ఉంటుంది.

కన్నడిగుడి 'కెరె' మన చెరువు, అతని 'కివి' మన చెవి. రెండిట్లోనూ 'క' 'చ' అయింది, రెండిట్లోనూ తర్వాత 'ఎ'యో 'ఇ'యో ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ద్రావిడ భాషల్లో చూపిన పద్ధతే సేమిటిక్ భాషల్లోనూ. పోలిక చూసి మురిసిపోకూడదు, మార్పు వరుసగా జరిగిందో లేదో చూడాలి.

తూర్పున బాబిలోనియాలో నెల 'వర్ఖుమ్'. కొన్ని శతాబ్దాలు గడిచాక మొదటి 'వ' రాలిపోయి 'అర్ఖు' అయింది. బానిసకు పేరైన 'వర్దుమ్' కూడా అలాగే 'అర్దు' అయింది. మట్టిపలకల మీద రాయసగాడు నెల అన్న మాటను అక్షరాలా రాయడు. సుమేరియన్ గుర్తు ఒకటి వేసి ఊరుకుంటాడు. మనం 'రూ.' అని రాసి రూపాయలు అని చదివినట్టు, ఆ గుర్తును చూసి అతను వర్ఖుమ్ అని చదువుకుంటాడు.

మార్చి 4

నిన్నటి వరుసకు ఇంకోటి. అరబ్బీలో 'వరక్' అంటే ఆకు, కాగితం. దాని చివరి హల్లు 'ఖ' కాదు, నాలుక మొదట్లో పలికే 'క'. హీబ్రూలో 'యారోక్' ఆకుపచ్చ, 'యారాక్' ఆకుకూర. మళ్ళీ 'వ'కు 'య'. అక్కాదియన్‌లో 'వర్కుమ్' పసుపుపచ్చకూ ఆకుపచ్చకూ నడిమి రంగు. గీజ్‌లో 'వర్క్' అంటే ఏకంగా బంగారం.

చార్మినార్ దగ్గర తోలు పొరల మధ్య వెండి ముక్కలు పెట్టి సుత్తితో కొట్టి కొట్టి ఊదితే ఎగిరేంత పలచగా చేస్తారు. మిఠాయి మీద అద్దే ఆ రేకును వరక్ అంటాం. ఆకంత పలచన కనుక ఆకు పేరు. బంగారానికి ఇథియోపియాలో ఆ పేరు రంగు వల్ల వచ్చింది. లోహం వైపు ఇద్దరూ వెళ్ళారు, వేరు వేరు దారుల్లో.

మార్చి 11

ఇవాళ సాయంత్రం నెలవంక కనిపించింది. రేపటి నుంచి రంజాన్. పక్కింటి పెద్దాయన, రిటైరైన ఉర్దూ మాస్టారు, గోడ మీదుగా పలకరిస్తే అడిగాను. "మాస్టారూ, అరబ్బీలో నెలను వర్ఖ్ అనరేం?"

"షహ్ర్ ఉందిగా సాబ్. పాత కాగితాల్లో నెల జీతాన్ని ముషాహరా అని రాసేవాళ్ళు, చూసే ఉంటారు. అదీ షహ్ర్ నుంచే."

నిజమే. ఈ షహ్ర్ కూడా చంద్రుడే. అరమాయిక్‌లో 'సహ్రా' చంద్రుడు, గీజ్‌లో 'సాహ్ర్' చంద్రుడు. అరబ్బీ ఈ ధాతువును నెలకు వాడుకుంది, ఆకాశంలోని చంద్రుడికి 'కమర్' పెట్టుకుంది. వ-ర-ఖకు అక్కడ ఇంట్లో చోటు మిగల్లేదు. అందుకే అది బయటి నుంచి తేదీ వేషంలో రావలసి వచ్చింది. ఫిబ్రవరి 18న రాసుకున్న ఒంటరితనానికి కారణం ఇదీ.

మార్చి 17

చివరి హల్లు సంగతి తేలాలి. అరబ్బీలో 'ఖ' వేరు, గొంతు లోపలి నుంచి వచ్చే 'హ' వేరు. హీబ్రూ లిపిలో రెండిటికీ 'హేత్' అనే ఒకే అక్షరం. అలాంటప్పుడు యారేఅహ్‌లో ఉన్నది పాత 'ఖ' అని ఎలా నమ్మాలి?

ఒక సాక్ష్యం సిరియా తీరంలో రాస్ షమ్రా దిబ్బ కింద దొరికింది. 1929లో తవ్వకాలు మొదలయ్యాక బయటపడ్డ ఉగారిట్ నగరపు మట్టిపలకల లిపిలో ముప్ఫై అక్షరాలు. ఆ రెండు హల్లులకూ వేరు వేరు గుర్తులున్నాయి. వాళ్ళ చంద్రదేవుడు యరిఖ్, 'ఖ'తోనే. నిక్కల్ అనే దేవతతో అతని పెళ్ళి గురించి ఒక కావ్యమే ఉంది.

రెండో సాక్ష్యం మన చర్చిలో ఉంది. సాయంత్రం మేనకోడలు వస్తే తెలుగు బైబిల్ తెరిచి పేర్లు చూపించాను. యెరికో, రాహేలు, ఇస్సాకు, నోవహు. హీబ్రూలో నాలుగు పేర్లలోనూ హేత్ ఉంది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో మొదలైన గ్రీకు అనువాదంలో మాత్రం వీటిని రెండు రకాలుగా రాశారు. యెరికో, రాహేలు పేర్లలో గ్రీకు 'ఖీ' అక్షరం వేశారు. ఇస్సాకు, నోవహు పేర్లలో ఆ చోట ఏమీ వేయలేదు: ఇసాక్, నోఎ. అరబ్బీతో పోల్చి చూస్తే గుట్టు తెలుస్తుంది. రాహేలు అంటే ఆడగొర్రె, అరబ్బీలో 'రఖిల్', 'ఖ'తో. ఇస్సాకు అంటే నవ్వేవాడు, అరబ్బీలో నవ్వడం 'దహిక', 'హ'తో. నోవహు అరబ్బీలో నూహ్, 'హ'తో. గ్రీకు అనువాదకులు అక్షరాన్ని కాదు, చెవిన పడ్డ ధ్వనిని రాశారు. లిపి ఒకటి చేసినా నోరు ఇంకా ఒకటి చేయలేదు.

"అంటే యెరికో చంద్రుడి ఊరా మామయ్యా?"

"పండితులు ఇంకా తగాదా పడుతున్నారమ్మా. సువాసన అని అనేవాళ్ళూ ఉన్నారు. సువాసన ధాతువులో ఉన్నది 'హ'. గ్రీకులో ఉన్నది 'ఖీ'. నా మటుకు చంద్రుడే."

"తారీఖూ యెరికో ఒకే ధాతువంటే మా క్లాసులో ఎవరూ నమ్మరు."

"నమ్మమని చెప్పకు. నాలుగు పేర్లూ బోర్డు మీద రాయి, చాలు."

మార్చి 24

గెజెర్ పలక ఫోటో చాలాసేపు చూశాను. 1908లో మెకాలిస్టర్ తవ్వకాల్లో దొరికిన సున్నపురాయి, అరచేతిలో పట్టేంత. ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. క్రీ.పూ. 10వ శతాబ్దం నాటిదంటారు. ఏడాది పొడుగునా సేద్యపు పనులు వరసగా గీసి ఉన్నాయి: పంట కూర్చడం, విత్తడం, ఆలస్యపు విత్తు, అవిసె కోత, బార్లీ కోత. ప్రతి పనికీ ముందు అదే మాట, య-ర-హ, నెల. రెండు నెలల పనైతే చివర ఒక చిన్న 'వ' తగిలించి ఉంది. అక్షరాలు వంకరటింకర. బడిపిల్లవాడి అభ్యాసం కావచ్చని కొందరంటారు. నాకూ అలాగే అనిపిస్తుంది.

ఏప్రిల్ 9

ఉగాది. పంచాంగం పక్కన యూదుల క్యాలెండర్ కూడా తీసి చూశాను. ఇవాళే వాళ్ళకు నీసాన్ 1. రెండూ చంద్రుడితో నెలలు కట్టి, అధికమాసంతో సూర్యుడికి సరిచేసే లెక్కలే. అందుకే ఈ ఏడు కలిసి పడ్డాయి. నీసాన్ అనే పేరు బాబిలోనియా మొదటి నెల నీసన్ను నుంచి తీసుకున్నది.

నెల మొదటి రోజును వాళ్ళు 'రోష్ హోదెష్' అంటారు. హీబ్రూలో నెలకు మామూలు మాట 'హోదెష్', యెరహ్ కాదు. పాతకాలపు నెల పేర్లతోనూ కవిత్వంలోనూ యెరహ్ మిగిలింది, వాడుకలో హోదెష్ గెలిచింది. దాని ధాతువు 'కొత్త'. కొత్త చంద్రుడు, ఆపైన నెల.

ఈ కొత్తదనం తిరిగిన ఊళ్ళు చూస్తే కడుపు నిండుతుంది. హీబ్రూ 'ష' ఉన్నచోట అరబ్బీలో నాలుక పళ్ళకు తగిలే 'థ', అరమాయిక్‌లో 'త', గీజ్‌లో 'స'. ఎద్దు అరబ్బీలో 'థౌర్', హీబ్రూలో 'షోర్', అరమాయిక్‌లో 'తోరా', గీజ్‌లో 'సోర్'. కొత్త కూడా అచ్చం అంతే: హదీథ్, హాదాష్, హద్తా, హద్దీస్. అరబ్బీలో కొత్తది కొత్త కబురైంది, కబురు చెప్పడమైంది, ప్రవక్త మాటల సంపుటమైన హదీసు అయింది. ఫినీషియన్లు ఆఫ్రికా ఒడ్డున కట్టిన కొత్త ఊరు 'కర్త్ హదష్త్', రోమన్ల నోట కార్తేజ్. 1886లో వెలసిన అడిస్ అబాబా 'కొత్త పువ్వు', ఆ అడిస్ పాత హద్దీసే. అక్కాదియన్‌లో గొంతు 'హ' పోయింది. పోతూ పోతూ పక్కనున్న 'అ'ను 'ఎ'గా మార్చింది, అందుకే అక్కడ కొత్త 'ఎష్షు'.

హదీసు, కార్తేజ్, అడిస్ అబాబా. నేర్చుకున్నవాళ్ళకు తప్ప చెవికి పోలిక అందదు. వినడానికి ఒకేలా ఉన్నవి చుట్టాలు కాకపోవచ్చు, చుట్టాలు ఒకేలా వినిపించకపోవచ్చు.

ఏప్రిల్ 14

ఇన్నాళ్ళుగా దాచుకున్న భాగం. అరబ్బీ తారీఖ్ ఇస్లాంతో, పారశీకంతో, వర్తకంతో లోకమంతా తిరిగింది. తుర్కీలో తరిహ్, మలయ్‌లో తరిఖ్, స్వాహిలీలో తరెహె, హౌసాలో తరిహి. మనకు పారశీకం, దక్కనీ మీదుగా గోల్కొండ, ఆసఫ్‌జాహీ కచేరీల నుంచి తారీఖు. పారశీకంలో దానికి ఇంకో పని కూడా ఉంది: అక్షరాల విలువలు కూడితే సంవత్సరం వచ్చేలా కట్టిన పదబంధాన్నీ తారీఖ్ అనే అంటారు. 'యా హాఫిజ్' అక్షరాలు కూడితే సరిగ్గా 1000. చార్మినార్ కట్టిన హిజ్రీ సంవత్సరానికి తారీఖు ఇదేనని చెబుతారు.

ఇవన్నీ పరాయి భాషలు, ఎరువు తెచ్చుకోవడంలో వింత లేదు. కానీ మధ్యయుగాల్లో హీబ్రూ కూడా అరబ్బీ నుంచి ఈ మాటను ఎరువు తెచ్చుకుంది. తేదీని 'తఆరిఖ్' అంటుంది. ఇంట్లో వారసత్వంగా వచ్చిన యారేఅహ్ ఉండగానే! రాత చూస్తే వారసత్వపు మాట చివర హేత్, ఎరువు మాట చివర కాఫ్ అనే వేరే అక్షరం. నేటి ఇజ్రాయెల్‌లో చాలామంది ఆ రెండక్షరాలనూ ఒకేలా, 'ఖ' లాగా పలుకుతారు. వేల ఏళ్ళ కింద విడిపోయిన ధాతువు ఒకే నోట్లో రెండుసార్లు, ఒకే హల్లుతో ముగుస్తుంది. హీబ్రూలో మాసపత్రిక 'యర్‌హోన్'. దాని అట్ట మీద వేసేది తఆరిఖ్.

ఇథియోపియాలోనూ ఇదే జరిగింది. అమ్హారిక్‌లో వారసత్వపు 'వర్' నెల, అరబ్బీ నుంచి తెచ్చుకున్న 'తారిక్' చరిత్ర.

వ-ర-ఖ నా దృష్టికి గొప్ప పాఠం అయింది ఇందుకే. ఒకే భాషలో వారసత్వమూ ఎరువూ పక్కపక్కన ఉంటే, ధ్వనుల వరుస తెలియకుండా ఏది ఏదో తేల్చలేం.

ఏప్రిల్ 20

1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులో ఇలాంటి మాటల పక్కన హిందుస్తానీ అని సూచించే ఒక్క అక్షరం ఉంటుంది. ఆయన కాలానికి, అంత పని తలకెత్తుకున్న మనిషికి అది చాలు. ఆ తర్వాత వచ్చిన మన నిఘంటువులు చాలావరకు 'ఉర్దూ', 'అన్యదేశ్యం' అని రాసి అక్కడే ఆగాయి. ఇప్పుడది చాలదు. హక్కు, వసూలు, హాజరు, జమ, కబురు, హమాలీ, తారీఖు: తెలుగులో ఊపిరి పోసుకున్న ఈ మాటలకు అరబ్బీ ధాతువు ఏదో, మూస ఏదో, పారశీకంలో ఏ మలుపు తిరిగిందో, హీబ్రూలో గీజ్‌లో చుట్టాలెవరో రాసిన నిఘంటువు మనకు కావాలి. ఉర్దూ మాస్టార్లు ఉన్నారు, హీబ్రూ చదివిన పాస్టర్లు ఉన్నారు, భాషాశాస్త్ర శాఖలున్నాయి. వీళ్ళను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టగల విశ్వవిద్యాలయం ఏదైనా సరే, ముందుగా ఒక వంద మాటలతో మొదలుపెట్టాలి.